ఒంటరి చుక్క ఎందుకు మిణుకుతుంది?

నిలకడగా కనిపించే వెలుగు చాలా సందర్భాల్లో ఒక సగటు మాత్రమే. క్వాంటమ్ డాట్ల పొర పరిచిన టీవీ తెర మీద ఎరుపు రంగు ఏ మాత్రం తడబడకుండా కంటికి ఆనుతున్నదంటే, అందులోని ఒక్కొక్క డాట్ తడబడకుండా వెలుగుతున్నదని అర్థం కాదు. కోటానుకోట్ల డాట్లలో కొన్ని ఆరిపోయిన క్షణంలోనే మరికొన్ని వెలగడం వల్ల మొత్తం లెక్క ఇంచుమించు ఒకే అంకె దగ్గర నిలుస్తున్నదని మాత్రమే అర్థం. వాటిలో ఒక్కదానిని వేరుచేసి, దాని మీద లేజరు కాంతిని ఏకధాటిగా పడనిస్తూ సూక్ష్మదర్శినిలో చూస్తే, పడే కాంతిలో ఏ మార్పూ లేకపోయినా అది కాసేపు వెలిగి, ఉన్నట్టుండి ఆరి, ఎంతసేపటికో మళ్ళీ వెలుగుతుంది. ఈ మిణుకు ఎందుకు పుడుతుంది, దానిని వదిలించుకోవలసిన రొదగా కాక పదార్థం తన గురించి తాను ఇచ్చే వాంగ్మూలంగా ఎందుకు చదవాలి అన్నదే ఈ ఉపన్యాస విషయం.

సూరి భగవంతం (1909–1989) స్మృతికి అంకితం చేసే ప్రసంగానికి ఈ విషయాన్ని ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. సి. వి. రామన్‌తో కలిసి పనిచేసి, కాంతి కణానికి తనదైన భ్రమణం ఉన్నదనడానికి కాంతి పరిక్షేపణం నుంచి సాక్ష్యం చూపిన వారిలో ఆయన ఒకరు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి 1940లో వెలువడిన ఆయన గ్రంథం కాంతి పరిక్షేపణాన్నీ రామన్ ఫలితాన్నీ ఒక్కచోట పొందుపరిచింది. ఆ తరం శాస్త్రజ్ఞులు పాదరస దీపం కాంతిని ద్రవం మీదికి పంపి, పరిక్షేపణం చెందిన బలహీనమైన కాంతిని గంటల తరబడి ఫొటోగ్రాఫిక్ ప్లేటు మీద పోగుచేసి వర్ణపటాన్ని చదివేవారు. అణువులు లెక్కకు మిక్కిలి, ఫోటాన్లు లెక్కకు మిక్కిలి, కాలమూ దీర్ఘం; ఆ మూడింటి సగటే వర్ణపటం. ఇప్పటి ప్రయోగశాలలో ఒకే కణం నుంచి వచ్చే ఒక్కొక్క ఫోటాన్ మీదా అది వచ్చిన క్షణాన్ని ముద్రవేసి భద్రపరచగలుగుతున్నారు. సగటును విప్పి చూడగలగడం వల్లనే మిణుకు బయటపడింది.

క్వాంటమ్ డాట్ అంటే కొన్ని నానోమీటర్ల వ్యాసం గల అర్ధవాహక స్ఫటికం. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. కాంతి తగిలినప్పుడు అర్ధవాహకంలో ఒక ఎలక్ట్రాన్ కింది శక్తి అంతస్తు నుంచి పై అంతస్తుకు లేస్తుంది, అది ఖాళీ చేసిన చోటును రంధ్రం అంటారు, ఆ రంధ్రం ధనావేశం గల కణంలాగే మసలుతుంది. ఎలక్ట్రాన్ తిరిగి దిగి రంధ్రంతో కలిసిపోయినప్పుడు రెండు అంతస్తుల మధ్య తేడా ఒక ఫోటాన్‌గా బయటికి వస్తుంది. పెద్ద స్ఫటికంలో ఈ తేడా పదార్థాన్ని బట్టి స్థిరంగా ఉంటుంది కాని, ఎలక్ట్రాన్‌నూ రంధ్రాన్నీ వాటికి సహజంగా చాలినంత చోటు లేని ఇరుకులో బంధించినప్పుడు అంతస్తుల మధ్య దూరం పెరుగుతుంది. అందుకే ఒకే కాడ్మియం సెలినైడ్ రెండు మూడు నానోమీటర్ల పరిమాణంలో నీలానికీ ఆకుపచ్చకూ, ఐదారు నానోమీటర్ల పరిమాణంలో ఎరుపుకూ మొగ్గుతుంది. ఈ పరిమాణ ప్రభావాన్ని 1980ల తొలినాళ్ళలో అలెక్సీ ఎకిమోవ్ గాజులోనూ, లూయీ బ్రూస్ ద్రావణంలోనూ చూపగా, 1993లో మౌంగీ బావెండి బృందం ఒకే సైజు డాట్లను వేడి ద్రావకంలో నమ్మకంగా పండించే పద్ధతిని కనిపెట్టింది; ఈ ముగ్గురికే 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

ఇక్కడొక సంగతిని గట్టిగా పట్టుకోవాలి. మూడు నానోమీటర్ల డాట్‌లో ఉండేది కొన్ని వందల పరమాణువులు మాత్రమే, వాటిలో మూడో వంతుకు తక్కువ కాకుండా ఉపరితలం మీదనే ఉంటాయి. స్ఫటికం లోపలి పరమాణువుకు నాలుగు వైపులా పొరుగువారున్నారు, అంచున ఉన్న పరమాణువుకు ఒక చేయి ఖాళీ. ఆ ఖాళీ బంధం దారిన పోయే ఎలక్ట్రాన్‌ను పట్టుకొని కట్టివేయగలదు. ఇటువంటి చోట్లను ట్రాపులు, అంటే ఉచ్చులు అంటారు. పెద్ద స్ఫటికానికి ఉపరితలం చర్మం వంటిదైతే, డాట్‌కు ఒంట్లో సగం చర్మమే.

1996లో ఎం. నిర్మల్, బావెండి, బ్రూస్ మొదలైన వారు నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ కథకు మొదలు. కాడ్మియం సెలినైడ్ డాట్లను బాగా పలచన చేసి, ఒకదాని కాంతి ఇంకొకదానితో కలవనంత దూరంగా పరిచి, గది ఉష్ణోగ్రత వద్ద ఒక్కొక్కదానినే గమనించినప్పుడు, అవి సుమారు అర సెకను వ్యవధులతో ఆరుతూ వెలుగుతూ కనిపించాయి. ఆ వ్యవధులు పడే కాంతి తీవ్రతను బట్టి మారాయి, డాట్ చుట్టూ మరో అర్ధవాహకాన్ని తొడుగుగా వేసినప్పుడూ మారాయి. కారణం డాట్ నడిబొడ్డున కాక దాని అంచునా, అంచు బయటా ఉన్నదని ఈ రెండో సంగతి సూచించింది. అందువల్ల పరిశోధకులు డాట్ ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకొని ఆవేశం పొందుతున్నదని ఊహించారు.

ఆవేశం పొందిన డాట్ ఎందుకు ఆరిపోవాలి? 1997లో అలెగ్జాండర్ ఎఫ్రోస్, రోజెన్ ఇచ్చిన సమాధానం ఓజే ప్రక్రియ మీద ఆధారపడింది. తటస్థమైన డాట్‌లో ఎలక్ట్రాన్, రంధ్రం రెండే ఉంటాయి కనుక, కలిసినప్పుడు విడుదలయ్యే శక్తి ఫోటాన్‌గా పోవడమే ప్రధాన మార్గం, దానికి ఇరవై నానోసెకన్ల వరకు పడుతుంది. ఎలక్ట్రాన్ ఒకటి అంచునున్న ఉచ్చులోకి పారిపోతే లోపల ఒంటరి రంధ్రం మిగులుతుంది. తరువాతి ఫోటాన్ తగిలి కొత్త జంట పుట్టినప్పుడు డాట్‌లో మూడు ఆవేశాలుంటాయి, జంట కలవగా వచ్చిన శక్తి కాంతిగా వెలువడక ముందే మూడో ఆవేశం దానిని మింగి, వేడిగా స్ఫటికంలోకి వదిలేస్తుంది. ఇరుకు గదిలో ముగ్గురూ ఒకరినొకరు తాకుతూనే ఉండడం వల్ల మామూలు డాట్లలో ఈ మింగుడు పదుల, వందల పికోసెకన్లలోనే ముగుస్తుంది. పికోసెకను నానోసెకనులో వెయ్యో వంతు గనుక, ఫోటాన్‌కు బయటపడే అవకాశం దాదాపు ఉండదు. పారిపోయిన ఎలక్ట్రాన్ తిరిగి వచ్చి రంధ్రాన్ని పూడ్చిన క్షణాన డాట్ మళ్ళీ వెలుగుతుంది. ఒక్క ఎలక్ట్రాన్ రాకపోకలు సెకనుకు వేలకొద్దీ ఫోటాన్ల ప్రవాహాన్ని తెరుస్తూ మూస్తూ ఉండడం ఈ వివరణలోని అందం.

అందమైన వివరణే కాని, కొలతలు దానిని పూర్తిగా సమర్థించలేదు. ఎలక్ట్రాన్ ఒకే ఉచ్చులో పడి, ఒకే రేటుతో తిరిగి వస్తున్నట్లయితే, ఆరిన వ్యవధులు రేడియోధార్మిక పదార్థానికి వలె ఒక అర్ధజీవితం కలిగి ఉండాలి, చాలా దీర్ఘమైన చీకట్లు అత్యంత అరుదు కావాలి. 2000లో మసారు కునో, డేవిడ్ నెస్‌బిట్ మొదలైన వారు ఆరిన వ్యవధులను లెక్కించినప్పుడు అటువంటి అర్ధజీవితం ఏదీ కనిపించలేదు. కాలప్రమాణం లక్ష రెట్లు మారినా వ్యవధుల పంపకం ఘాత నియమాన్నే అనుసరించింది. అంటే వ్యవధి పది రెట్లు పెరిగితే దాని సంభావ్యత ఒక స్థిరమైన నిష్పత్తిలో తగ్గుతుంది తప్ప ఎక్కడా తెగిపోదు. ఆ తగ్గుదలను తెలిపే ఘాతం అనేక నమూనాల్లో ఒకటిన్నరకు అటూ ఇటూగా వచ్చింది.

ఈ ఒకటిన్నరలో ఎంత చిక్కు ఉన్నదో బొమ్మా బొరుసూ ఆటతో తెలుస్తుంది. ఇద్దరు ఆటగాళ్ళు రూపాయి నాణెం ఎగరేస్తూ, బొమ్మ పడితే ఒకరికి, బొరుసు పడితే మరొకరికి ఒక రూపాయి చెల్లించుకుంటున్నారనుకుంటే, ఇద్దరి లెక్కా మళ్ళీ సమానం కావడానికి పట్టే ఎత్తుల సంఖ్య సరిగ్గా ఈ ఒకటిన్నర ఘాతాన్నే పాటిస్తుంది. ఎక్కువసార్లు రెండు నాలుగు ఎత్తుల్లోనే లెక్క సమానమవుతుంది, అప్పుడప్పుడు మాత్రం ఒక ఆటగాడు వేల ఎత్తుల పాటు బాకీలో ఉండిపోతాడు, ఆ అరుదైన దీర్ఘకాలాలు ఎంత బరువైనవంటే వాటిని కలుపుకొని సగటు తీయబోతే సగటు అనంతానికి పోతుంది. డాట్ విషయంలోనూ అంతే: ఆరిన వ్యవధికి సగటు చెప్పలేరు. ఎంత ఎక్కువసేపు గమనిస్తే అంత పెద్ద చీకటి ఎదురవుతుంది. 2003లో బ్రోక్‌మాన్, మెసాన్, దహాన్ తదితరులు చూపినట్టు, దీని ఫలితంగా ఒక డాట్‌ను దీర్ఘకాలం చూసి తీసిన సగటు, అనేక డాట్లను ఒకే క్షణాన చూసి తీసిన సగటుతో సరిపోలదు. ఒక మెతుకు పట్టి చూస్తే అన్నమంతా తెలుస్తుందన్న లోకోక్తి ఇక్కడ పనిచేయదన్నమాట.

ఘాత నియమం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు రెండు తరగతుల సమాధానాలు ముందుకొచ్చాయి. మొదటి దాని ప్రకారం ఉచ్చు ఒకటి కాదు, డాట్ చుట్టూ వేర్వేరు దూరాల్లో అనేకం ఉన్నాయి, ఎలక్ట్రాన్ వాటి నుంచి తిరిగి రావడం క్వాంటమ్ సొరంగ ప్రక్రియ ద్వారా జరుగుతుంది కనుక దూరం కొంచెం పెరిగినా రాక అనేక రెట్లు ఆలస్యమవుతుంది. దగ్గరి ఉచ్చు మైక్రోసెకన్ల చీకటినిస్తే దూరపు ఉచ్చు నిమిషాల చీకటినిస్తుంది, అన్నీ కలిసి ఘాత నియమంలా కనిపిస్తాయి. రెండవ దాని ప్రకారం ఉచ్చు ఉన్న చోటనే ఉంటుంది, దాని శక్తి స్థాయి మాత్రం పరిసరాల కదలికలతో అటూ ఇటూ తూగుతూ డాట్ స్థాయితో సమానమైనప్పుడే ఎలక్ట్రాన్‌కు దారి తెరుస్తుంది. అది నాణెపు ఆటగాడి బాకీలాగా సంచరిస్తున్నది గనుక ఒకటిన్నర దానంతటదే వస్తుంది. రూడోల్ఫ్ మార్కస్ 2005లో తన సహచరులతో కలిసి అభివృద్ధి చేసిన సిద్ధాంతాలు ఈ రెండో కోవకు చెందుతాయి.

అయితే లెక్కించే తీరులోనే ఒక లొసుగు దాగి ఉంది. ఫోటాన్లను పది మిల్లీసెకన్ల చొప్పున గంపల్లోకి ఎత్తి, ఫలానా సంఖ్య దాటితే వెలుగు, దాటకపోతే చీకటి అని గీత గీయడం పరిపాటి. గంప పరిమాణాన్నీ గీతనూ మార్చితే ఘాతం కూడా కొంత మారుతుంది. గంప కంటే చిన్న వ్యవధులు గంపలోనే కలిసిపోతాయి, పైగా సగం వెలిగే బూడిదరంగు స్థితులు గీతకు ఏ పక్కన పడితే ఆ పక్క లెక్కలోకి చేరతాయి. ఒకటిన్నరకు అతి దగ్గరగా వచ్చిందని ప్రకటించిన ఫలితాన్ని చదివేటప్పుడు గీత ఎక్కడ గీశారో కూడా చదవడం మంచిది.

2011లో లాస్ అలమోస్‌లోని క్లిమోవ్ బృందం చేసిన ప్రయోగం అసలు ప్రశ్ననే మార్చింది. వారు డాట్‌ను విద్యుద్రసాయన ఘటంలో ఉంచి, వోల్టేజి ద్వారా దానికి ఎలక్ట్రాన్లను ఇస్తూ తీస్తూ, వెలుగు తీవ్రతనూ, ఒక్కొక్క ఫోటాన్ వెలువడటానికి పట్టే కాలాన్నీ ఏకకాలంలో కొలిచారు. కొన్ని మిణుకుల్లో తీవ్రత తగ్గినప్పుడు ఆ కాలం కూడా తగ్గింది. ఓజే సిద్ధాంతం చెప్పేది ఇదే. మరికొన్నింటిలో తీవ్రత పడిపోయినా కాలం మారలేదు. తేడా ఏమిటో చెరువు పోలికతో చెప్పవచ్చు: కట్టకు గండిపడితే చెరువులోని నీరు త్వరగా ఖాళీ అవుతుంది, దానికి భిన్నంగా చెరువుకు వచ్చే కాలువనే పైన ఎవరో మళ్ళిస్తే చెరువు చేరిన కొద్దిపాటి నీరు ఎప్పటి వేగంతోనే తూము గుండా పోతుంది, చేరే నీరే తక్కువ. రెండో రకం మిణుకులో కాంతి తగిలి పై అంతస్తులకు ఎగిసిన ఎలక్ట్రాన్ ఇంకా సర్దుకోకముందే ఉచ్చు దానిని దారిలోనే లాక్కుంటున్నది. ఇందులో డాట్ దీర్ఘకాలం ఆవేశంతో ఉండనవసరం లేదు. దాదాపు పదిహేనేళ్ళ పాటు ఒకే కారణం కోసం సాగిన వాదానికి ఇది తగిన జవాబు: మిణుకు ఒక జబ్బు పేరు కాదు, జ్వరంలాగా అనేక జబ్బుల లక్షణం.

తెలుగు నేల మీద ఈ పని ఎక్కడ జరిగిందన్నదానికి హైదరాబాద్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగం మంచి ఉదాహరణ. 2015లో జ్యూరిక్‌లో కోవలెంకో బృందం సీసియం, సీసం, హాలోజన్లతో పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక నిర్మాణం గల నానోస్ఫటికాలను తయారుచేసింది. ఇవి తొడుగు లేకుండానే అద్భుతంగా వెలగడంతో, ఉచ్చుల బెడద వీటికి లేదేమోనన్న ఆశ పుట్టింది. మరుసటి సంవత్సరమే, 2016లో, గచ్చిబౌలిలోని ఆ విభాగంలో ఆచార్య అనునయ్ సామంత బృందం సీసియం లెడ్ బ్రోమైడ్ స్ఫటికాల్లోనూ, బ్రోమిన్‌లో కొంత భాగానికి బదులుగా అయోడిన్ చేర్చిన స్ఫటికాల్లోనూ మైక్రోసెకన్ల స్థాయిలో మిణుకు ఉన్నదనీ, కాంతి పడుతున్న కొద్దీ వాటి వెలుగు పెరుగుతున్నదనీ జర్నల్ ఆఫ్ ఫిజికల్ కెమిస్ట్రీ లెటర్స్‌లో ప్రకటించింది.

వారు వాడిన పద్ధతిని కొంచెం వివరించడం అవసరం, ఎందుకంటే అది డాట్‌ను ఒక చోట కట్టి ఉంచి చూసే పద్ధతి కాదు. ప్రతిదీప్తి సహసంబంధ పద్ధతిలో లేజరును ద్రావణంలో అతి చిన్న చుక్కగా కేంద్రీకరిస్తారు. నానోస్ఫటికాలు ఈదుతూ ఆ చుక్కలోకి వచ్చిపోతూ ఉంటే వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. ఈ క్షణాన ఉన్న హెచ్చు కొంతసేపటి తరువాత ఎంత మిగిలి ఉన్నదో పోల్చి చూస్తే, కణం చుక్కను దాటిపోవడానికి పట్టే కాలం ఒక మెట్టుగా కనిపిస్తుంది. కణం దాటే లోపలే ఆరి వెలిగితే అంతకంటే తక్కువ కాలం వద్ద మరో మెట్టు అదనంగా వస్తుంది, ఆ రెండో మెట్టే మైక్రోసెకన్ల మిణుకు. అద్దం మీద పరిచిన డాట్‌ను కెమెరాతో చూసేవారికి అంత వేగం అందదు, ఎందుకంటే మైక్రోసెకనులో గంపలోకి ఒక్క ఫోటాన్ కూడా సరిగా చేరదు. అలాగే చుక్కను దాటిపోయిన కణం తరువాత నిమిషం పాటు ఆరిపోయినా ఈ పద్ధతికి తెలియదు. కాంతి పడితే వెలుగు పెరగడం కూడా ఉచ్చుల కథలోని భాగమే: ఉచ్చులు నిండిపోతే, నయమైపోతే దొంగిలించే చేతులు తగ్గుతాయి.

హైదరాబాద్ విమానాశ్రయానికి తూర్పుగా, ఔటర్ రింగ్ రోడ్డు దక్షిణపు వంపులో ఉన్న మహేశ్వరం మండలానికి ఈ కథతో ఉన్న బంధుత్వం మొదటి చూపుకు కనిపించదు. 2006 ప్రాంతంలో అక్కడి రావిర్యాల వద్ద ఫ్యాబ్ సిటీ పేరుతో తలపెట్టిన పారిశ్రామిక వాడకు అనుకున్న చిప్పుల కర్మాగారం రాలేదు, వచ్చినవి ప్రధానంగా సౌర ఫలకాల, ఎలక్ట్రానిక్ వస్తువుల పరిశ్రమలు. సిలికాన్ పలక మీద సౌరఘటం చేసేవారికి ఎదురయ్యే శత్రువు డాట్‌ను మిణికించే ఉచ్చుకు సోదరుడే. పలక ఉపరితలాన ఉన్న ఖాళీ బంధాలు ఎండ పుట్టించిన ఎలక్ట్రాన్‌ను తీగకు చేరనివ్వకుండా మింగుతాయి, అందుకే పలక మీద సిలికాన్ నైట్రైడ్ వంటి పలుచని పొర వేసి ఆ బంధాలను మూస్తారు. సౌరఘటానికి ఆ నీలి ఛాయనిచ్చేది కూడా ఆ పొరే. డాట్‌కు జింక్ సల్ఫైడ్ తొడుగు వేయడం ఇదే వైద్యం. ఫలకం మిణకదు, ఎందుకంటే అందులో లెక్కలేనన్ని ఎలక్ట్రాన్లున్నాయి. ఉచ్చుల దోపిడీ అక్కడ సామర్థ్యంలో స్థిరమైన తరుగుగా మాత్రమే కనిపిస్తుంది. చిప్పులోని ట్రాన్సిస్టరును తగినంత చిన్నది చేస్తే ఆ దోపిడీ మళ్ళీ మెట్లు మెట్లుగా బయటపడుతుంది: 1984లోనే బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాల్స్ మొదలైన వారు అతి చిన్న సిలికాన్ ట్రాన్సిస్టరులో ఒకే ఎలక్ట్రాన్ ఒకే ఉచ్చులోకి పోయి వచ్చే కొద్దీ కరెంటు రెండు విలువల మధ్య గెంతడాన్ని నమోదు చేశారు. ఎఫ్రోస్, రోజెన్ తమ వ్యాసం శీర్షికలో డాట్ వెలుగును టెలిగ్రాఫ్ సంకేతంతో పోల్చింది ఈ సంప్రదాయాన్ని అనుసరించే.

వైద్యం సంగతికి వస్తే, తొడుగును బాగా మందంగా వేయడం 2008లో ఫ్రాన్సులోనూ లాస్ అలమోస్‌లోనూ విడివిడిగా ఫలించింది. మిణుకు బాగా తగ్గింది. ఇందులో రెండు లాభాలు కలిసి వచ్చాయి. ఎలక్ట్రాన్‌కు ఉపరితలం దూరమైంది, ఎలక్ట్రాన్ తొడుగులోకి కూడా వ్యాపించడం వల్ల మూడు ఆవేశాల ఇరుకు తగ్గి ఓజే మింగుడు నెమ్మదించింది. దీనికి చెల్లించిన వెల కూడా ఉంది: డాట్ లావెక్కింది, జీవకణంలో ఒక ప్రోటీనుకు తగిలించి దాని నడకను గమనించాలనుకునేవారికి లావైన తోక పనికిరాదు. జీవశాస్త్రంలోనే ఇంకొక వర్గం మిణుకును తగ్గించమని కోరలేదు, వాడుకుంది. పక్కపక్కనే ఉండి సూక్ష్మదర్శినికి ఒకే మచ్చగా కనిపించే రెండు డాట్లు ఒకే సమయాన మిణకవు కనుక, వాటి హెచ్చుతగ్గులను విశ్లేషించి మచ్చను రెండుగా విడదీయవచ్చునని 2009లో చూపారు.

ఒకే ఫోటాన్‌ను కోరినప్పుడల్లా ఇవ్వగల దీపం కోసం చూసేవారికి మాత్రం మిణుకు ఇంకా శత్రువే. తటస్థమైన చిన్న డాట్ ఒక ఉత్తేజానికి ఒక ఫోటాన్‌నే ఇస్తుందని 2000లోనే గది ఉష్ణోగ్రత వద్ద నిరూపించారు. విచిత్రమేమంటే ఆ గుణాన్ని కాపాడేది కూడా ఓజే ప్రక్రియే. డాట్‌లో పొరపాటున రెండు జంటలు పుడితే ఒక జంట శక్తిని అది మింగి, రెండు ఫోటాన్లు వెంటవెంటనే రాకుండా అడ్డుకుంటుంది. మందమైన తొడుగు వేసి ఓజేను అణిచితే మిణుకు తగ్గుతుంది కాని, ఒక్కటే ఫోటాన్ అన్న హామీ కూడా సడలుతుంది. కాబట్టి ఇప్పుడు తయారీదారు ముందున్న ప్రశ్న ఓజేను ఎంత అణచాలన్నది కాదు, ఓజే జోలికి పోకుండా ఉచ్చును మాత్రమే ఎలా మూయాలన్నది. దానికి ఆ ఉచ్చు ఉపరితలం మీద ఏ పరమాణువు పక్కన, ఉపరితలాన్ని అంటిపెట్టుకొని ఉండే ఏ లిగాండ్ అణువు ఊడిన చోట ఉన్నదో ఒక్కొక్క డాట్‌లోనూ గుర్తుపట్టాలి.